దెయ్యం ముఖానికి అద్దె

ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని ఓసారి ఊహించుకోండి. బల్లపరుపు తల, వాలిపోయిన కనురెప్పలు, మెడకి అటూ ఇటూ రెండు బోల్టులు... అంతే కదా? మేరీ షెల్లీ 1818 నాటి నవలంతా వెతికినా ఆ బోల్టులు దొరకవు. నేను వెతికాను. అందులో వాడికి పొడుగాటి నల్లటి జుట్టు, తెల్లటి పలువరస!

మనకి తెలిసిన ముఖాన్ని 1931లో యూనివర్సల్ సినిమా కోసం జాక్ పియర్స్ అనే మేకప్‌మ్యాన్ తయారుచేశాడు. దాన్ని మోసిన నటుడు బోరిస్ కార్లాఫ్. అసలు లిటిగేషన్ ఇక్కడే ఉంది. కథ అందరిదీ, ముఖం మాత్రం కంపెనీది. అమెరికాలో ఎవరైనా హాంటెడ్ హౌస్ పెట్టి, శవాల ముక్కలు కుట్టి చేసిన భూతాన్ని అందులో నిలబెట్టుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ బల్లపరుపు తలా, బోల్టులూ పెట్టారో, లాయర్ నోటీసు రావచ్చు.

యూనివర్సల్‌కి సొంత పార్కుల్లో ఆ బాధ లేదు. 2025 మేలో ఆర్లాండోలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ఈ పాత భూతాలకి ఏకంగా ఒక ఊరే కట్టారు. కానీ ఫ్రెడ్డీ, జేసన్ వాళ్ల సొత్తు కాదు. అందుకే 2007 హాలోవీన్ హారర్ నైట్స్‌కి వాళ్లని న్యూ లైన్ సినిమా దగ్గర లైసెన్స్ తీసుకుని దించారు. దెయ్యాలకీ కాల్షీట్లు అన్నమాట. (మన కొరివి దెయ్యానికి ఓనర్ లేడు కాబట్టి ఎగ్జిబిషన్ భూత్ బంగ్లావాళ్లు హాయిగా ఉన్నారు.)

నాకు మింగుడుపడనిది డ్రాక్యులా సంగతి. 1931 సినిమాలో ఆ పాత్ర వేసింది బేలా లుగోసీ. 1956లో పోయినప్పుడు ఆయన్ని డ్రాక్యులా కోటుతోనే పాతిపెట్టారు. ఆ తర్వాత కూడా ఆయన రూపంతో బొమ్మలకీ మాస్కులకీ యూనివర్సల్ లైసెన్సులు అమ్ముకుంది. "అది మా ఇంటాయన ముఖం" అంటూ భార్యా కొడుకూ కోర్టుకెళ్లారు. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది: ముఖాన్ని వ్యాపారానికి వాడుకునే హక్కు ఆయనది, ఆయనతోనే పోయింది, వారసులకి రాదు.

ఈ సంగతి చెప్తే మా ఫ్రెండ్, "చచ్చినోడి ముఖానికి కూడా అద్దేంట్రా?" అన్నాడు. అద్దె ఎలాగూ వసూలవుతూనే ఉంది కదా, అది ఇంటివాళ్లకి ఎందుకు పోకూడదన్నదే నా బాధ. చట్టసభకీ అలాగే అనిపించినట్టుంది. చనిపోయిన ప్రముఖుల రూపం మీద వారసులకి హక్కిస్తూ చట్టం చేసింది. 1985 నుంచి అమలు. మొదట 50 ఏళ్లు, తర్వాత 70 చేశారు.

ఇక సినిమాల సంగతి. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లు నిండాక, 2027 జనవరి 1న ఆ రెండు 1931 సినిమాలూ అందరివీ అవుతాయి. ట్రేడ్‌మార్కుల గొడవ వేరే. బోల్టులతో భూతాన్ని పెట్టుకోవాలనుకునే చిన్నచిన్న హాంటెడ్ హౌస్‌లవాళ్లకి అప్పుడు కాస్త ఊపిరాడుతుంది. బ్లాక్ లగూన్ చేప మనిషి కావాలంటే మాత్రం కుదరదు. వాడు 1954 వాడు, 2050 దాకా ఆగాలి.