కదిలే రైల్లో కదలని బంటు

రైల్లో చదరంగం ఆడటానికి సైడ్ లోయర్ బెర్తును మించిన చోటు లేదు. బెర్తు పరిచి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మధ్యలో బల్లకు కావలసినంత జాగా ఉంటుంది. పక్కనే కిటికీ కాబట్టి వెలుతురుకు లోటు లేదు. సాయంత్రం విశాఖలో బండి ఎక్కితే తుని దాటేసరికి మొదటి ఎత్తులన్నీ అయిపోయి ఆట చిక్కబడుతుంది. సరిగ్గా అప్పుడే టీ కుర్రాడు వస్తాడు. వాడి వెనకే పల్లీలు. ఆ తర్వాత టీసీ గారు. వీళ్ళందరూ వెళ్ళాక ఎదుటి సీటు ఆవిడ, "కాస్త లేస్తారా అండీ, కింద పెట్టె తీసుకోవాలి" అంటుంది. లేవక తప్పదు. బల్లను పావులతో సహా రెండు చేతుల మీద ఎత్తుకుని దారిలో నిలబడాలి. ఆవిడ పెట్టె తీసుకుని, తాళం వేసి, మళ్ళీ లోపలికి తోసేదాకా ఒక్క బంటు కూడా గడి దాటకూడదు.

ప్రయాణంలో ఆట ఎన్నిసార్లు ఆగినా ఆగినచోటి నుంచే మొదలవ్వాలి. అయస్కాంతపు బల్ల కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. చెక్క నునుపు, పెట్టె అందం, గుర్రం జూలు మీది నగిషీ తర్వాత చూడొచ్చు.

కొట్లో మాత్రం పరీక్ష మరోలా ఉంటుంది. పావులన్నీ పేర్చి బల్లను అమాంతం తలకిందులు చేసి చూపిస్తారు. ఒక్కటీ రాలదు, మనం ముచ్చటపడి డబ్బులిచ్చేస్తాం. కానీ ఏ రైలూ బల్లను తలకిందులు చెయ్యదు. రైలు చేసేది అటూ ఇటూ ఊపడం. పాయింట్లు మారేచోట ఒక్కసారిగా పక్కకు లాగడం. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బస్సు చేసేదీ అంతే. పావు అడుగున ఉన్న అయస్కాంతాన్ని బల్లలోని ఇనప రేకు నేరుగా కిందికి లాగుతుంది. పక్కకు జారకుండా ఆపాల్సింది మాత్రం రాపిడి. అడుగున అంటించిన ఫెల్టు గుడ్డా, బల్ల మీది ప్లాస్టిక్కూ రెండూ నున్నగా ఉంటే, తలకిందులు చేసినా ఊడని పావే చిన్న కుదుపుకు రెండు గళ్ళు జారిపోతుంది. అందుకే బల్లను గోడకు వేలాడే పటంలా నిలువుగా పట్టుకుని వెనక నుంచి వేలితో గట్టిగా తట్టి చూడాలి. రాజునూ మంత్రినీ ముఖ్యంగా గమనించండి. అవి పొడుగు, తల బరువు కాబట్టి ముందు వంగేవి అవే. ఫెల్టు మందం కూడా చూసుకోవాలి. అయస్కాంతానికీ రేకుకీ మధ్య దూరం కొంచెం పెరిగినా పట్టు చాలా పడిపోతుంది. మెత్తగా, ఖరీదుగా కనిపించే మందపాటి ఫెల్టు కన్నా పల్చగా, కాస్త గరుగ్గా ఉన్నదే నయం.

అలాగని పట్టు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని అనుకోకూడదు. ఒకే బల్లలోని పావులన్నిటికీ మామూలుగా ఒకే ధ్రువం కిందికి వచ్చేలా అయస్కాంతం అంటిస్తారు. అలా పక్కపక్కన నిలబడ్డవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గడి చిన్నదై, అయస్కాంతం మరీ బలమైనదైతే, మీరు బంటును పక్క గడిలో పెట్టగానే అక్కడున్న గుర్రం తనంతట తానే ఓ పక్కకు తప్పుకుంటుంది. కొనేముందు నాలుగు పావుల్ని పక్కపక్క గళ్ళలో గుంపుగా పెట్టి చూస్తే ఈ సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అయస్కాంతం పనికిరాని ప్రయాణం కూడా ఒకటుంది. 1970 జూన్‌లో సోవియట్ వ్యోమనౌక సోయుజ్-9లో ఆండ్రియాన్ నికొలాయెవ్, విటాలీ సెవస్తియానొవ్ భూమి చుట్టూ తిరుగుతూ, కింద ఉన్న వాళ్ళతో రేడియోలో ఎత్తులు చెప్పుకుంటూ ఆట ఆడారు. నౌకలోని పరికరాలకు ఇబ్బంది కలగకూడదని వాళ్ళ బల్లలో అయస్కాంతాలు వాడలేదు. పావులు గాడుల్లో జారేలా చేశారు. ఆట డ్రా అయింది. ఆ గాడుల బల్ల నాకు ఎంతో ఇష్టం. బరువన్నదే లేనిచోట కూడా మనిషికి రాజును కాపాడుకోవాలన్న తపన పోలేదు, అందుకోసం ఎవరో కూర్చుని ఒక్కో పావుకూ గాడి గీశారు. అంతకు ముందు శతాబ్దంలోనే లండన్‌లోని జాక్స్ కంపెనీ ప్రయాణాల కోసం రంధ్రాల బల్ల చేసింది. పావుల కింది మేకులు రంధ్రాల్లో దిగుతాయి, లోపలి పలకలు జరిగి ఆ మేకుల్ని బిగించేస్తాయి. ఆట మధ్యలో పావులు నిలబడి ఉండగానే బల్ల మూసెయ్యొచ్చు. ఈ రోజు మనకు దొరికే మడత పెట్టెల్లో ఎక్కువవాటికి ఆ సుగుణం లేదు. మూయాలంటే పావులన్నీ తీసి లోపల వెయ్యాల్సిందే. మూతకూ గళ్ళకూ మధ్య పావులు నిలబడేంత ఎడం ఉన్న రకం ఎక్కడైనా కనిపిస్తే, కాస్త ధర ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

ఇక కంటి సంగతి. చదరంగం ఆడేవాడు ముప్ఫై రెండు పావుల్ని విడివిడిగా చూడడు. కోట కట్టుకున్న రాజు, ముందు మూడు బంట్లు, పక్కన కాపలా గుర్రం, ఇవన్నీ కలిసి ఒక ఆకారంగా కంట్లో పడతాయి. బల్ల చిన్నదైనా ఆ ఆకారం చెదరకూడదు. అందుకే నిష్పత్తి ముఖ్యం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య పోటీల్లో రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు, గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉంటాయి. బంటు అడుగు గడిలో సగం ఉండాలి. అంటే ఒక గడిలో నాలుగు బంట్లు ఇరుకు లేకుండా పట్టాలి. గడి రెండున్నర సెంటీమీటర్లే ఉన్న చిన్న బల్ల మీద కూడా ఈ పరీక్ష చెల్లుతుంది. నాలుగు పట్టకపోతే ఆట మధ్యలో వేళ్ళు పక్క పావులకు తగులుతూ ఉంటాయి. నాలుగు పెట్టినా గడి నిండనంత చిన్నవైతే పావులు గళ్ళలో తప్పిపోయినట్టు కనిపిస్తాయి.

ఆకారం విషయంలో 1849లో లండన్‌లో వచ్చిన స్టాంటన్ నమూనాను దాటి పోనక్కర్లేదు. అయితే చిన్నవి చేసేటప్పుడు తయారీదారులు మొదట పోగొట్టేది శకటు తల మీది గాటు. అది పోయిందంటే శకటు పొడుగు బంటులా కనిపిస్తుంది. ఆ తర్వాత రాజు తల మీది శిలువ అరిగిపోయి మంత్రికీ రాజుకీ తేడా తెలియదు. రాత్రి పెద్ద దీపాలు ఆర్పి నీలం దీపం వేశాక ఈ తేడాలే ప్రాణం. రంగుల విషయంలో కూడా నల్ల గడి మీద నల్ల పావు మునిగిపోని జోడీ కావాలి. గోధుమ, లేత పసుపు గళ్ళ మీద నలుపు, తెలుపు పావులు పెట్టే రకం నాకు బాగా నచ్చుతుంది. మెరిసే బల్ల వద్దే వద్దు. కిటికీ ఎండ పడిందంటే సగం గళ్ళు కనిపించవు.

బల్ల మడత ఎక్కడ పడుతుందో కూడా చూడండి. కుడిచేతి మూల తెల్ల గడి వచ్చేలా పెట్టి కూర్చున్నప్పుడు, చాలా వాటిలో మడత సరిగ్గా ఇద్దరికీ నడుమ, నాలుగో వరుసకూ అయిదో వరుసకూ మధ్య వస్తుంది. ఆటలో మొదటి కొట్లాట జరిగేది అక్కడే. బిజాగిరీ ఏమాత్రం ఉబ్బి ఉన్నా, రెండు పలకలూ ఎగుడు దిగుడుగా కలిసినా, నడిమి బంట్లు వంకరగా నిలబడి ఆట పొడుగునా కంటిని లాగుతూ ఉంటాయి.

ఎంత పెద్దది కొనాలన్నది ఎవరితో ఆడతారన్నదాన్ని బట్టి. ఇద్దరు ఆడుకోవడానికి పది అంగుళాల బల్ల నా దృష్టిలో సరైన కొలత. ఒళ్ళో నిలుస్తుంది, విమానంలో సీటు వెనక బల్ల మీద పడుతుంది, సంచిలో పుస్తకాల మధ్య ఒదుగుతుంది. పావుల బొమ్మలు ముద్రించిన బిళ్ళలతో, పర్సులా మూసుకునే పల్చటి రకం కూడా ఉంది. ఒంటరిగా పుస్తకం పక్కన పెట్టుకుని పాత ఆటలు చూసుకోవడానికి అది చాలా బాగుంటుంది. ఎదురుగా మనిషి కూర్చుంటే మాత్రం ఆయనకు బొమ్మలన్నీ తలకిందులే. చదరంగ ఆటగాడు బాబీ ఫిషర్ ఎక్కడికి వెళ్ళినా జేబులో పెట్టుకు తిరిగింది చీలికల్లో బిళ్ళలు దోపే అలాంటి తోలు పర్సునే. ఆయనకు కావలసింది ఎదుటి మనిషి కాదు, తన ఆలోచన నిలబెట్టుకోవడానికి అరవై నాలుగు గళ్ళు.

మన పిల్లల సంచుల్లో కూడా ఈ అయస్కాంతపు బల్లలే చూస్తుంటాను. గుడివాడ కోనేరు హంపి 2002లో, గుంటూరు హరికృష్ణ అంతకు ముందు ఏడాది గ్రాండ్‌మాస్టర్లయ్యాక, ఇప్పుడు వరంగల్ అర్జున్ ఎరిగైసి ఆటలు చూశాక, పదేళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని పోటీలకు ఊరూరా తిరిగే అమ్మానాన్నలు మన రైళ్ళలో కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళ సంచి విప్పితే పులిహోర డబ్బా పక్కనే అయస్కాంతపు బల్ల ఉంటుంది. ఓడి వచ్చిన పిల్ల పై బెర్తు ఎక్కి, ఓడిన ఎత్తు దగ్గరే పావులు పేర్చుకుని, తినమన్నా తినకుండా చూస్తూ కూర్చుంటుంది. ఫోనులో అదే ఆట చూడొచ్చు, తప్పొప్పులు చెప్పే యంత్రం కూడా అందులోనే ఉంది. అయినా గుర్రాన్ని వేళ్ళతో ఎత్తి, వేరే గడిలో పెట్టి, మళ్ళీ వెనక్కి తెచ్చే పిల్ల ఆలోచిస్తున్నట్టు నాకు కళ్ళకు కనిపిస్తుంది. ఆ పిల్లకు ఖరీదైన బల్ల కాకపోయినా పావులు జారని బల్ల ఇవ్వాలి.

ఈ బల్లలకు వచ్చే జబ్బు సాధారణంగా ఒకటే. ఎండలో కారులో వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది. పావు ఎత్తితే పావు చేతికొస్తుంది, అయస్కాంతం బల్ల మీదే ఉండిపోతుంది. ఫెవిక్విక్‌తో అంటించడం నిమిషం పని. కానీ అయస్కాంతాన్ని బల్ల మీంచి తియ్యకముందే పై ముఖాన పెన్నుతో చుక్క పెట్టుకోండి, ఆ చుక్క పావు లోపలికి వెళ్ళాలి. తిరగేసి అంటించారంటే, మిగతావన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే ఇదొక్కటి పక్కవాటిని లాక్కుంటుంది. గుర్తు పెట్టడం మరిచినా దారి ఉంది. జిగురు పూసేముందు ఆ అయస్కాంతాన్ని మరో పావు అడుగుకు చూపించండి. నెట్టే ముఖం కిందికి రావాలి. ఊడిన అయస్కాంతం కనిపించకపోతే మాత్రం దొరికేదాకా వెతకండి, ఇంట్లోగానీ బోగీలోగానీ చంటిపిల్లలుంటే మరీను. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని పేగును నొక్కి చిల్లు పెట్టగలవు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆట ముగియకుండానే స్టేషను వస్తే ఏం చెయ్యాలి? పెద్ద పోటీల్లో వెనకట ఇది మామూలే, ఆట మరునాటికి వాయిదా పడేది. 1972లో రేక్యవిక్‌లో ప్రపంచ కిరీటం కోసం ఫిషర్, అప్పటి ప్రపంచ విజేత స్పాస్కీ ఆడిన ఇరవై ఒకటో ఆట అలాగే ఆగింది. మరునాడు స్పాస్కీ బల్ల దగ్గరికి రాకుండా ఫోనులోనే ఓటమి ఒప్పుకున్నాడు, ప్రపంచ కిరీటం అక్కడ చేతులు మారింది. మన ఆటకు ఫోనుతో ఒక ఫొటో చాలు. అయితే ఫొటోలో ఎవరి వంతో ఉండదు, ఎవరి రాజుకు ఇంకా కోట కట్టుకునే హక్కు ఉందో ఉండదు. ఆ రెండూ కింద రాసుకోవాలి.

ఏలూరులో ఎక్కిన ఒక పెద్దాయనతో నా ఆట ఇలాగే ఆగింది. బల్ల చూసి, "ఒక ఆట వేద్దామా బాబూ" అంటూ ఎదురుగా కూర్చున్నారు. మొదటి ఎత్తుకే బంటును ఒక్క గడి జరిపారు. రెండు గళ్ళు వెళ్ళొచ్చు కదండీ అంటే, వాళ్ళ ఊళ్ళో వెనకటి పద్ధతిలో బంటుకు ఒక్క అడుగేననీ, రాజుకు మాత్రం ఒక్కసారి గుర్రపు ఎత్తు ఉంటుందనీ చెప్పారు. పెద్దవాళ్ళతో ఆడేముందు పద్ధతి ఏదో అడగడం మర్యాద అని ఆ రోజు నుంచి మొదటి మాటగా అదే అడుగుతున్నాను. చివరికి ఇప్పటి పద్ధతే ఖాయం చేసుకున్నాం. విజయవాడ వచ్చేసరికి నాకు ఒక గుర్రం ఎక్కువ, ఆయన బంట్లు రెండు మంత్రి కావడానికి పరిగెడుతున్నాయి. ఫొటో తీసి, ఎత్తు ఆయనదని రాసి, వాట్సాప్‌లో ఆయనకు పంపాను. రాత్రి భోజనాలయ్యాక రోజుకొక ఎత్తు వచ్చేది. ఇంట్లో బల్ల మీద ఆ ఆటను అలాగే ఉంచాను. మంచం మీంచి సోఫా మీదికి, సోఫా మీంచి అలమరలోకి మారిందే కానీ ఒక్క పావూ చెదరలేదు. ఆయన బంటు మంత్రి అయింది, నేను ఓడాను. తర్వాతి ఆట వాళ్ళ ఊరి పద్ధతిలో, రాజుకు గుర్రపు ఎత్తుతో ఆడదామన్నారు. మొదటి ఎత్తు నన్నే వెయ్యమన్నారు.