కొలనుల నడుమ గీత

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధానియగు పెర్తు నగరమునకు దక్షిణమున బీలియారు చిత్తడినేలలను పేర కొలనుల వరుస యొకటి గలదు. వానిలో నార్తు సరస్సు, బిబ్రా సరస్సు అనునవి యిరుగుపొరుగు కొలనులు. ఆ నేలకు ఆదిమవాసులైన నూంగారు ప్రజల కివి పూజ్యస్థలములు. నీటిమీద నల్లహంసలు తేలుచుండును. ఒడ్డుననున్న బ్యాంక్సియా చెట్ల గింజలు తిని కార్నబీ నల్లకాకతువలు బ్రతుకును. వసంతకాలమున పొడవుమెడ తాబేలు నీటిని విడిచి, మెల్లమెల్లగా నడచి, పొడినేలలో గ్రుడ్లుంచి మరలిపోవును. బిడ్డలకొరకై యింత నడక నడచు తల్లిని గూర్చి చదివినప్పుడు నాకు ముచ్చటయు జాలియు కలిగినవి.

ఈ రెండు సరస్సుల నడుమనుండి పెద్దరహదారి పోవలెనని 1963 నాటి నగరప్రణాళికలో గీత గీచిరి. ఆ దారి పేరు రో 8. ఆ రాష్ట్రపు తొలి సర్వేయరు జనరలు జాన్ సెప్టిమస్ రో పేరే దానికి పెట్టిరి. (గీతలు గీచువారి పేరు గీతకే దక్కుట సముచితమే కాబోలు!) దీని నిడివి అయిదు కిలోమీటర్లు. సరకు లారీలను ఫ్రీమాంటిల్ ఓడరేవు దిక్కునకు నడపుట దీని ప్రయోజనము.

కొలనులు తన యెల్లలోనివగుటచే కోబర్ను నగరసభ యీ దారి వలదనెను. ఫ్రీమాంటిల్ నగరసభయు నట్లే యనెను. పొరుగుననున్న మెల్విల్ నగరసభ మాత్రము కావలెననెను. ఏలయన లారీలన్నియు లీచ్ హైవేమీదుగా ఆ యూరివారి యిండ్ల చెంతనుండియే పోవుచుండెను.

సోదరీమణులారా, మెల్విల్ వారిని స్వార్థపరులని తీసివేయుట నాచే కాలేదు. నా పినతల్లి కుమార్తె ఆ హైవే ప్రక్కవీధిలోనే కాపురమున్నది. తెల్లవారుజామున పాలు కాచునప్పటినుండి లారీల మోతయే. ఆరవేసిన బట్టలపై మసియే. "అక్కా, తాబేలు దారి దాటుటను గూర్చి యింత దిగులు పడుచున్నావు. నా పిల్లవాడు బడికి పోవుటకు దాటవలసినది లారీలదారియే గదా!" అని యామె వ్రాసినది. ఆ జాబునకు నేను పది దినములు బదులు వ్రాయలేకపోతిని. రామాయణమున పంపాసరోవరమును చదివి మురిసినదానను గనుక కొలను పక్షమున మాటలాడుట నాకు సులువు. ఆ మోతలో నిదురపోవలసినది నేను కాను.

అయినను జరిగిన తీరు నాకు నచ్చలేదు. నగరసభలు ఎంత వాదించినను తుదిమాట రాష్ట్రప్రభుత్వముదే. 2015 డిసెంబరులో రాష్ట్ర సుప్రీముకోర్టు పర్యావరణపు అనుమతి చెల్లదనగా, 2016 జూలైలో అప్పీలు న్యాయస్థానము చెల్లుననెను. ఆ డిసెంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానము కలుగజేసికొనుటకు నిరాకరించెను. ఆ నెలలోనే యంత్రములు అడవిలో దిగినవి. ఎన్నికలకు మూడు నెలలైనను లేవు! ఇల్లు అమ్మవలెనా వలదా యని అన్నదమ్ములు పంచాయతిలో కూర్చుండియుండగా, ఒకడు పోయి దూలములు విప్పుట యెట్టిదో యిదియు నట్టిదే. స్త్రీపురుషులు కంచెలయొద్ద నిలిచి యడ్డుపడిరి, పలువురు నిర్బంధింపబడిరి. చెట్లు మాత్రము కూలుచునే యుండెను.

2017 మార్చి 11 నాటి యెన్నికలలో ఈ దారిని మాన్పించెదమని చెప్పిన లేబరు పక్షము గెలిచెను. మార్క్ మెక్‌గోవన్ ప్రభుత్వము పని నిలిపివేసెను. ప్రణాళికలోని గీతను తొలగించు చట్టము 2021లో గాని రాలేదు.

ఆ గీత గీచిననాడు రేవు సరకును రైలెక్కించుట యెట్లు, రేవే మరియొక చోట నుండిన నెట్లు అని తఱచి చూచియుండినచో, కొలనుకడ తల్లులును హైవేకడ తల్లులును ఎదురెదురుగా నిలువవలసిన పని లేకపోయెడిది. ఈ మాటయే నా చెల్లెలికి వ్రాసితిని. "నీ మాట నిజమే గాని, నిజముతో లారీ ఆగదు" అని యామె బదులు వ్రాసినది.

నరికినచోట పదేండ్ల ప్రణాళికతో మొక్కలు నాటనారంభించిరి. బ్యాంక్సియా పూచి, కాయ గట్టిపడి, కాకతువకు గింజ దొరకుటకు ఏండ్లు పట్టును. దక్షిణమున క్వినానా తీరమున క్రొత్తరేవు కట్టు ప్రయత్నమును ప్రభుత్వము చేపట్టినది. మా చెల్లెలు దానికొరకు కనిపెట్టుకొనియున్నది.