రూపమును జూచి మోసపోరాదు

హైదరాబాదున 1992లో వెలసిన బ్లూక్రాస్ మొదలగు శరణాలయములు దిక్కులేని జంతువులను గాపాడుచున్నవి. అట్టిచోటులనుండి పిల్లిని దెచ్చుకొనుట పుణ్యమే. కాని దాని రూపమును జూచి యారోగ్యమును నిర్ణయింపరాదు. పిల్లులకు పడిశము గలిగించు హెర్పిస్ వైరస్, జబ్బు నయమైన పిదపను నాడులలో యావజ్జీవము దాగియుండును. ఇల్లు మాఱిన కలవరముచే, సుమారు వారము దినములకు, ఒక్క తుమ్మైనను లేకయే మరల వెలువడి తోడిపిల్లుల కంటుకొనవచ్చును. పసికూనలకైనచో కన్నులకును బ్రాణములకును ముప్పు.

అందుచే మెదకులోని మా యింట బాలెంత పిల్లి యుండగా వచ్చిన క్రొత్తదానిని మేము మూడువారములు వేఱుగదిలో నుంచి, గిన్నెలు వేఱుచేసి, తాకినప్పుడెల్ల సబ్బుతో జేతులు గడుగుకొంటిమి. తొమ్మిదవనాడు దానికి తుమ్ములు మొదలైనవి. కూనలకు మాత్ర మేమియు గాలేదు.

టీకా జబ్బు తీవ్రతను దగ్గించును గాని సోకుటను బూర్తిగా నాపదు. ఈ వైరస్ మనుష్యులకు సోకదు. కనుక బిడ్డలకేమగునో యని యా మూగప్రాణిని వీథిలో విడువవలదు. తక్కిన పిల్లులకు గొన్నినాళ్లు దూరముగా నుంచిన జాలును.