దించగలిగిన తెరచాప

కేనరీ దీవుల నుండి కరిబియన్‌కు కాటమరాన్‌లో వెళ్ళబోతున్న నా పూర్వవిద్యార్థి, వెనుకగాలికి ఏ తెరచాప కొనాలో తేల్చుకోలేక ఫోను చేశాడు. తమిళ 'కట్టుమరం' నుండి ఆ పేరు పుట్టిందని తప్ప నాకేమి తెలుసు? విన్నాను.

గంటకు 10 నాటికల్ మైళ్ళ గాలి వెనుకనుండి వీస్తూండగా పడవ 5 మైళ్ళ వేగంతో సాగితే, చాపకు తగిలేది మిగిలిన 5 మాత్రమే. అందుకే విశాలమైన, పలుచని నైలాను స్పిన్నకర్ కావాలి. జంట పడవల ముందు కొసలు ఎడంగా ఉంటాయి కనుక చాప దిగువ మూలలను చెరొకదానికి కట్టవచ్చు, అడ్డకర్ర అక్కరలేదు.

"అన్నిటికన్న పెద్దదే కొంటాను మాస్టారూ!"

"గాలి హెచ్చితే?"

మామూలు తెరచాప పడవ పక్కకు ఒరిగి హెచ్చరిస్తుందట. ఇది నిలకడగా ఉండి ఆ సూచన ఇవ్వదట. ఉన్నది భార్యాభర్తలిద్దరే. అతడు నిద్రలో ఉంటే?

కొంతసేపు మాట్లాడలేదు. మరునాడు చిన్నది కొన్నానని చెప్పాడు. ఆమె ఒక్కతే దించి చూసిందట.