అజర్‌బైజాన్ కథల్లో దేశం, యుద్ధం, ప్రేమ

అజర్‌బైజాన్ సమకాలీన సాహిత్యంలో యుద్ధమంటే ముందుగా కరబాఖ్ ప్రాంతం కోసం జరిగిన యుద్ధమే. 1990ల తొలినాళ్లలో దానికోసం ఆర్మేనియాతో జరిగిన పోరు లక్షల మందిని ఇళ్లు విడిచేలా చేసింది. 2020లో 44 రోజుల యుద్ధం మళ్లీ వచ్చింది. అమరవీరుల మీద, పోగొట్టుకున్న ఊళ్ల మీద రచనలకు కొదవ లేదు. అవతలివాడు కూడా మనిషే అన్న రచనలు మాత్రం అరుదు.

ప్రేమనూ దేశాన్నీ ముడివేసిన పాత నవల ‘అలీ అండ్ నినో’. 1937లో వియన్నాలో కుర్బాన్ సయీద్ పేరుతో వచ్చింది (ఆ పేరు వెనకున్నది ఎవరన్న తగువు ఇంకా తెగలేదు). బాకూ ముస్లిం యువకుడు అలీ, జార్జియన్ క్రైస్తవురాలు నినోను పెళ్లాడి, చివరికి గాంజా నగరం దగ్గర బోల్షివిక్ ఎర్రసైన్యంతో పోరాడుతూ చనిపోతాడు.

అవతలివాడినీ మనిషిగా చూపినందుకు అసలు దుమారం రచయిత అక్రమ్ ఐలిస్లీ ‘రాతి కలలు’ నవలికతో రేగింది. 2012 చివర్లో ఒక రష్యన్ పత్రికలో అచ్చయింది. అందులో బాకూ వీధిలో మూక చేతిలో చిక్కిన ఆర్మేనియన్ ముసలాయనను కాపాడబోయి, ఒక అజర్‌బైజానీ నటుడు తానే చావుబతుకుల మధ్య ఆసుపత్రికి చేరతాడు. అది దేశద్రోహమన్నారు, పుస్తకాలు తగలబెట్టారు. 2013 ఫిబ్రవరిలో దేశాధ్యక్షుడు ఐలిస్లీకి ఉన్న ‘ప్రజా రచయిత’ బిరుదునూ ప్రత్యేక పెన్షన్‌నూ రద్దు చేశారు. దేశభక్తి లేదని ముద్రపడ్డ ఆ రచయిత కలం పేరు సొంతూరు ఐలిస్ నుంచి తీసుకున్నదే.