చెరువు గట్టున రెండు రాత్రులు

ఓరుగల్లు సీమలో పుట్టినవానికి చెరువు క్రొత్త కాదు. ఏ ఊరికి పోయినను ఇండ్లకంటె ముందుగా చెరువుకట్ట కన్పించును. కట్టమీద తాటిచెట్లు, కట్టక్రింద వరిమళ్ళు, మత్తడి దగ్గర బట్టలుదుకువారు, తూము దగ్గర పార భుజమున వేసికొని నిలిచిన నీరటికాడు. ఇవన్నియు బాల్యమునుండి మా కన్నుల కలవాటైనవి. మా ఇల్లు ఖిలా వరంగల్లులో, రాతికోటకు లోపలనే యున్నది. కోటను చూడవచ్చువారు నాలుగు కీర్తితోరణములను చూచి, ఏకశిలా గుట్ట నెక్కి, ఖుష్ మహలు ముందు నిలిచి ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. పిల్లలమైన మాకు మాత్రము కోటలో మిక్కిలి ప్రియమైనది అగడ్త. శత్రువుల నాపుటకై కాకతీయ ప్రభువులు త్రవ్వించిన ఆ కందకములో వానకాలమున నీరు నిలిచెడిది. బడి విడిచినంతనే వెదురుకట్టెకు దారము కట్టి, నెమలి ఈక కాడను బెండుగా అమర్చి, వానపామును ఎరగా గ్రుచ్చి, మేము ఆ నీటియొడ్డున గూర్చుండెడివారము. శత్రువు లెవ్వరును లేరు గాని, చిన్నచిన్న పరిగెలును, ముల్లు గ్రుచ్చు జెల్లలును మాత్రము మాకు చిక్కెడివి. గాలము వేయుట సోమరుల పని యని మా నాయనమ్మ మందలించెడిది. చేపలను మాత్రము తానే పులుసు పెట్టెడిది.

మన పెద్దలు సప్తసంతానములలో చెరువు త్రవ్వించుటను ఒకదానిగా చెప్పిరి. కన్నకొడుకుతో సమానముగా చెరువు కూడ మనిషి పేరును నిలుపునని వారి నమ్మకము. కాకతీయుల నాటివారు ఈ మాటను నోటితో చెప్పి విడువలేదు. రెండు గుట్టల నడుమ లోయ యెచ్చట ఇరుకుగా నుండునో వెదకి, అచ్చట మాత్రమే కట్ట పోసిరి. కట్ట చిన్నది, నీరు పెద్దది. గుట్టలే మూడువైపుల గోడలైనవి. పాకాల, రామప్ప, లక్నవరము చెరువు లన్నియు ఈ తీరుననే వెలసినవి. ఒక చెరువు నిండి మత్తడి దుమికిన నీరు దిగువనున్న చెరువును చేరునట్లు గొలుసుకట్టుగా నిర్మించిన చెరువులు కూడ ఈ ప్రాంతమున పెక్కు గలవు. ఎనిమిది వందల యేండ్లు గడచినను రామప్ప క్రింద పొలములు నేటికిని పండుచున్నవి. నడుమ ఎన్నో చెరువులు పూడిపోయినవి, తుమ్మచెట్లు మొలచినవి, కొన్ని శికము భూములను మనుష్యులే మ్రింగిరి. 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ అను పేర పూడిక తీయించుటకు పూనుకొన్నప్పుడు, ఆ ఒండ్రుమట్టిని రైతులు బండ్లమీదను ట్రాక్టర్లమీదను తమ చేలకు తోలుకొనిపోవుట నేను స్వయముగా చూచితిని.

ఇట్టి చెరువుల యొడ్డున ఊరక రెండు దినము లుండి రావలయునని నాకు చిరకాలముగా కోరిక. అన్యదేశములలో ఇందుకు గొప్ప యేర్పాట్లున్నవి. మంచము, పొయ్యి, అలమర అన్నియు గల ఒక చిన్న గదిని చక్రములపై నిలిపి, దానిని కారు వెనుక తగిలించుకొని, సరస్సు లున్న చోటికి పోయి, గాలము వేసికొని కాలము గడపుదురు. దానిని ట్రెయిలరు అందురు. ఈ ముచ్చట కారులకంటె పాతది. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు 1885లో గుర్రములు లాగు ఇంటిబండి నొకదానిని చేయించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరుపెట్టి, ఇంగ్లండునుండి ఉత్తరమున ఇన్వర్నెస్ వరకు ప్రయాణము చేసెను. అయితే ఇందులో మనకు తెలియని వింత యేమున్నది? రెండేండ్ల కొకసారి మాఘమాసమున జరుగు మేడారము జాతరకు మా తాతలు గూడుబండ్లు కట్టుకొని పోయెడివారు. బండిలో బియ్యము, బండిక్రింద పడక, బండిప్రక్కన మూడురాళ్ళ పొయ్యి, ఎదుట జంపన్నవాగు. దానికి పేరు పెట్టవలయునని మాత్రము ఎవ్వరికిని తోచలేదు.

మా అన్నయ్య ముప్పదియేండ్లు లారీ నడపి విశ్రాంతి గొన్నవాడు. విశ్రాంతి యన్న పేరే గాని, చక్రము చేత లేనిదే ఆయనకు ప్రొద్దు పోదు. బడిపిల్లలను మోసి మోసి ముసలిదైన ఒక వ్యానును చౌకగా కొని, లోపలి బెంచీలను తీసివేసి, ఒక నులకమంచము, ఒక నీళ్ళ డ్రమ్ము, ఒక చిన్న గ్యాసుపొయ్యి అమర్చెను. వెనుకతలుపు తెరచి టార్పాలిను కప్పినచో అదే వసారా. దసరా వెళ్ళిన మూడవనాడు అన్నయ్య, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన కూతురు, నేను ఆ బండిలో రామప్పకు బయలుదేరితిమి. ఆత్మకూరు, ములుగు దాటి, జంగాలపల్లి వద్ద ప్రక్కదారి పట్టి, సుమారు డెబ్బది కిలోమీటర్లు ప్రయాణము చేసి సాయంకాలమునకు పాలంపేట చేరితిమి.

రామప్ప గుడిని గూర్చి మీలో ఎందరో చదివియుందురు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని కట్టించెను. నీటిపై తేలు ఇటుకలతో దాని శిఖరము కట్టబడినది. 2021లో యునెస్కో సంస్థ ఆ గుడిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. గుడిని చూచువారు వేలకొలది వచ్చుచున్నారు గాని, గుడితోబాటు పుట్టిన చెరువువద్ద కొంచెము సేపు నిలుచువారు తక్కువ.

చెరువులో చేపలు పట్టు హక్కు ఆ యూరి మత్స్యకారుల సహకార సంఘమునది. కావున మొదట వారినడుగుట మర్యాద. అన్నయ్య విచారింపగా, గట్టుమీద వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుని చూపిరి. ఆయన మా వ్యానును, మా వెదురు గాలమును, మమ్ములను మార్చి మార్చి చూచి, “ఇచ్చట ఉండుటకు వీలులేదు” అనెను. అన్నయ్య బతిమాలలేదు. ఆయన ప్రక్కనే గూర్చుండి వలకొన పట్టుకొని, “కారణ మేమి, పెద్దయ్యా?” అని యడిగెను. వృద్ధుడు మాటాడక తన అరికాలు చూపెను. మడమనుండి వ్రేళ్ళ మొదలు వరకు ఒక పెద్ద మచ్చ కలదు. క్రిందటి యేడు ఎవరో విహారమునకు వచ్చినవారు రాత్రియంతయు పాటల పెట్టె మ్రోగించి, త్రాగిన సీసాలను నీటి అంచున పగులగొట్టి పోయిరట. మరునాటి తెల్లవారుజామున వల భుజమున వేసికొని నీటిలో దిగిన ఆయన కాలు తెగినది. రెండు నెలలు మంచము పట్టెను. “చెరువులో దిగనిదే మాకు కూడు లేదు, అయ్యా! మోకాలిలోతు నీటిలో గాజుపెంకు కన్పింపదు” అని ఆయన చెప్పినప్పుడు మాలో ఎవ్వరికిని బదులు దొరకలేదు.

అప్పుడు మా పిల్ల వ్యానులోనుండి ఒక గోనెసంచి తెచ్చి, ఏమియు చెప్పక, నీటి అంచున నడచుచు పెంకులు, ప్లాస్టిక్ సంచులు, మూతలు ఏరుట మొదలుపెట్టినది. దానిని చూచి నేనును లేచితిని. చీకటిపడు వేళకు సంచి సగము నిండెను. వృద్ధుడు వల మడచుకొని లేచి, “ఆ ఇప్పచెట్టు క్రింద బండి నిలుపుకొనుడు. తూము దగ్గరకు పోవద్దు. లోతున్నది” అని చెప్పి యింటికి పోయెను.

ఆ రాత్రి సంగతి యేమని చెప్పుదును? చంద్రుడు పున్నమికి దగ్గరపడినవాడు. ఎదుటి గుట్టలు నీటిలో తలక్రిందులుగా నున్నవి. బతుకమ్మలను నీట విడిచి అయిదారు దినములైనను, వాడిన తంగేడు పూలు, గునుగు పూలు అంచున సన్నని గీతవలె తేలుచున్నవి. చేప ఎగిరినప్పుడు వచ్చు చప్పుడు తప్ప వేరొకటి లేదు. లారీ యంత్రపు హోరులో ముప్పదియేండ్లు గడపిన మా అన్నయ్య, “ఇంత నిశ్శబ్దములో నాకు నిద్ర పట్టునా?” అనుచునే గురకపెట్టెను.

మరునాడు పగలంతయు గాలము వేసికొని గూర్చుంటిమి. గాలము వేయుట ఇంగ్లీషువారు నేర్పిన వినోదమని కొందరనుకొందురు. ఐజాక్ వాల్టన్ అను ఆంగ్లేయుడు 1653లో దీనిపై వ్రాసిన పుస్తకము ప్రసిద్ధమే. కాని అంతకు అయిదువందల యేండ్లకు ముందే, సుమారు 1130లో, కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదమునకు ఒక భాగము కేటాయించి, చేపల జాతులను, వాని మేతలను, గాలము వేయు విధమును వివరించెను. మన కాకతీయులు ఒకప్పుడు ఆ చాళుక్యులకు సామంతులు. రాజుగారికి ఎన్ని చేపలు పడెనో గాని, మాకు మధ్యాహ్నము వరకు నాలుగు పరిగెలు పడినవి. పిల్లకు ఒక్కటియు పడలేదు. ఆమె బెండు కదలినప్పుడెల్ల తొందరపడి కట్టె నెత్తుచుండెను. వృద్ధుడు తెప్పమీదనుండి అది చూచి నవ్వి, “బిడ్డా! చేప మొదట రుచి చూచును. అది దొంగ. బెండు మునిగి ప్రక్కకు పోవువరకు నీ చేయి కదలరాదు” అని నేర్పెను. సాయంకాలమునకు మా పొయ్యివద్దనే గూర్చుండి ఎన్నో సంగతులు చెప్పెను. బొచ్చె, రవ్వ పిల్లలను తెచ్చి చెరువులో వదలుదురట. కొరమీను మాత్రము తనంతతానే పెరుగును. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. కావుననే నీటిలోనుండి తీసినను చాలసేపు బ్రతికియుండును. అంగడిలో అన్నిటికంటె దానికే వెల యెక్కువ. తెలంగాణము దానినే రాష్ట్రపు చేపగా ఎన్నుకొన్నది.

రెండవనాటి ఉదయము మేము బయలుదేరవలసియున్నది. తెల్లవారకముందే పిల్ల నన్ను తట్టి లేపి, “చిన్నాయనా! ఇటు చూడుము” అని తుంగ మొలచిన ఒక మూలకు తీసికొనిపోయినది. నీటిపై అరచేయి వెడల్పున ఎఱ్ఱని మచ్చ యొకటి కదలుచుండెను. చూడగా అది వందలకొలది చేపపిల్లల గుంపు. కుంకుమ చల్లినట్లు ఒకచోట చేరి పైకి లేచుచు, మునుగుచు నున్నవి. వాని క్రింద, మూరెడు పొడవు గల నల్లని నీడ మెల్లగా తిరుగుచున్నది. కొరమీను! పిల్ల చేతిలో గాలము సిద్ధముగా నున్నది. కప్పపిల్లను ఎరగా గ్రుచ్చి ఆ గుంపు నడుమ వదలినచో, పిల్లలను కాచు చేప కోపముతో దానిని పట్టక మానదు. ఈ రహస్యము ఆమెకు ఎట్లు తెలిసెనో! రెండు దినములనుండి ఒక్క చేపయు పడని పిల్ల. మరి గంటలో ప్రయాణము.

వృద్ధుడు అప్పుడే వచ్చి మా వెనుక నిలిచెను. ఆయన గాలమును లాగుకొనలేదు. వలదని కూడ చెప్పలేదు. నీటివైపు చూచుచునే, “అదిగో, ఆ తుంగ ప్రక్కన మరి రెండు జెల్లలు కాచుకొనియున్నవి, చూచితివా బిడ్డా? వాలుగలు కూడ ఉండును. పెద్దచేప అక్కడ తిరుగునంతవరకు అవి దగ్గరకు రావు. దానిని నీవు పట్టితివా, ప్రొద్దు నడినెత్తికి వచ్చునప్పటికి ఆ యెఱ్ఱమచ్చ యుండదు” అనెను.

“మీ సంఘమువారు దీనిని పట్టరా, తాతా?”

“పట్టుదుము. పిల్లలు ఎఱుపు మాని నల్లబడి, ఎవరిదారిని వారు పోయిన పిమ్మట.”

“ఎన్నినాళ్ళు పట్టును?”

“కొన్ని వారములు. అప్పటికి నీ బడి తెరతురు గదా!” అని ఆయన నవ్వెను.

పిల్ల చాలసేపు మాటాడలేదు. బెండును వేళ్ళతో త్రిప్పుచు నిలిచినది. ఆమె ముఖమును చూడ నాకు జాలి వేసెను. కాని ఆ మాట ఆమెయే చెప్పవలయునని నేనును అన్నయ్యయు ఊరకుంటిమి. తుదకు దారమును కట్టెకు చుట్టి, ముల్లును బెరడులో గ్రుచ్చి, “తాతా! ఈ సంగతి తక్కినవారికి తెలియునా? ఎవరైనను ఇక్కడ వల విసరినచో?” అని యడిగినది.

వృద్ధుడు తలపంకించి, గట్టుమీదికి పోయి, ఒక తుమ్మకొమ్మను నరికి తెచ్చెను. మోకాలిలోతు నీటిలో అడుగులు తడవి తడవి వేయుచు పోయి, తుంగకు ఇవతల దానిని నిలువుగా నాటెను. కొమ్మ చివర కట్టుటకు ఏదైన గుడ్డపీలిక కావలెనని కేక వేయగా, పిల్ల తన జడకు కట్టిన ఎఱ్ఱ రిబ్బనును విప్పి ఇచ్చినది. తెప్పలమీద వచ్చుచున్న ఇద్దరు యువకులు ఆ కొమ్మను దూరమునుండియే చూచి, తమ దారి మార్చుకొని మత్తడివైపు సాగిపోయిరి.