గల్లగురిగి డబ్బులతో సింహాల దగ్గరకు

మా పద్మారావు నగర్‌లో స్కందగిరి మీద కొలువున్న స్వామి వాహనం నెమలి. అందుచేత మా వీధి పిల్లలకు నెమలి సంగతులు బాగా తెలుసు. సింహం మాత్రం వాళ్ళు పుస్తకాల్లో చూసినదే. అటువంటి పిల్లలు ఏడుగురు ఒక ఆదివారంనాడు గల్లగురిగి ఒకటి తెచ్చి, మా అరుగు మీదనే పగలగొట్టారు. పాత పేపర్లు అమ్మినవీ, పండుగకు పెద్దలిచ్చినవీ కలిపితే 1,340 రూపాయలు తేలాయి.

"తాతా, ఇవి అడవి సింహాలకు పంపాలి. ఎట్లా పంపాలో చెప్పు" అన్నది మా మనుమరాలు.

నేను చాలా ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. డబ్బు ఇచ్చే ముందు అది దేనికి పోతుందో చూడాలనే అలవాటు నాకింకా పోలేదు. "ముందు సింహాన్ని చూసి వద్దాం, తరువాత మాట్లాడుకుందాం" అన్నాను.

గాంధీ ఆసుపత్రి దగ్గర మెట్రో రైలు ఎక్కి, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి, అక్కడి నుంచి బస్సులో బహదూర్‌పురా చేరాము. మీర్ ఆలం చెరువు పక్కనున్న ఈ నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963లో తెరిచారు. మా నాన్నగారి చెయ్యి పట్టుకుని నేను మొదటిసారి వచ్చినప్పుడు ఈ చెట్లలో చాలావరకు మొక్కలే!

సింహం నిద్రపోతున్నది. పిల్లలకు నిరుత్సాహం కలిగింది. సింహం రోజులో ఇరవై గంటలదాకా పడుకోగలదని చెబితే, "అయితే మా అన్నయ్య కూడా సింహమే" అన్నాడొకడు. ఆసియా సింహానికి పొట్ట కింద పొడవుగా చర్మపు మడత ఒకటి వేలాడుతుంది. జూలు పలచగా ఉండి చెవులు పైకి కనిపిస్తాయి. ఆఫ్రికా సింహం నుంచి దీన్ని గుర్తుపట్టేది అట్లాగే.

2021లో ఇక్కడి సింహాలు ఎనిమిదింటికి కరోనా సోకింది. వాటి ముక్కుల నుంచీ గొంతుల నుంచీ తీసిన నమూనాలను పరీక్షించి ఆ సంగతి తేల్చినవారు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు. ఆ సంస్థకే చెందిన 'లాకోన్స్' అనే ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉన్నది. 2007లో అబ్దుల్ కలాం గారు దాన్ని జాతికి అంకితం చేశారు. అంతరించిపోయే జంతువుల కోసమే పెట్టిన ప్రయోగశాల అది. ఇక్కడే పెంచిన మూషిక జింకలను మన నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు కూడా. సింహాలు ఆ తరువాత కోలుకున్నాయి.

ఈ జంతు ప్రదర్శనశాలలో ఎవరైనా ఒక జంతువును కొంతకాలం దత్తత తీసుకుని దాని పోషణ ఖర్చు భరించవచ్చు. ఇది విన్న వెంటనే పిల్లలు రెండు జట్లయినారు. "ఈ సింహానికే ఇద్దాం, ఇది కళ్ళ ఎదుట ఉన్నది" అని కొందరు. "దీనికి ఎవరో ఒకరు పెడతారు. అడవిలో దానికి ఎవరు పెడతారు?" అని మా మనుమరాలు.

అడవి సింహానికి ఎవరూ తిండి పెట్టనక్కరలేదు. ఆ మాట చెప్పడానికి నేను గిర్ సంగతి ఎత్తవలసి వచ్చింది. ఉద్యోగం మానిన తరువాత 2019 డిసెంబరులో గుజరాతులోని సాసన్ గిర్ వెళ్ళాను. టేకు చెట్లు, ఎండుగడ్డి. నాకు మన ఆదిలాబాదు అడవే గుర్తు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ సింహాలు కొద్ది పదులే మిగిలాయి. జునాగఢ్ నవాబులు వేట మాన్పించారు. 2020లో లెక్కిస్తే 674, 2025లో 891. వీటిలో సగానికి పైగా అభయారణ్యాల హద్దులు దాటి, పొలాల మధ్య తిరుగుతున్నవే.

మరి డబ్బు దేనికి? అక్కడి పొలాల్లో బావులు నేలమట్టంగా ఉంటాయి, చుట్టూ గోడ ఉండదు. రాత్రివేళ మనుబోతును తరుముతూ వచ్చిన సింహం అందులో పడుతుంది. ఈత వచ్చినా పైకి ఎక్కే దారి లేదు. అందుకని వేలకొద్దీ బావులకు చుట్టుగోడలు కట్టించారు. మోకాటి పైకి వచ్చే గోడ, అంతే! నన్నడిగితే అన్ని పథకాలలోనూ అదే చక్కనిది. మాల్ధారీల గేదెను సింహం చంపితే వారికి పరిహారం ఇవ్వాలి. ఇవ్వకపోతే వారికి సింహం మీద ప్రేమ ఎందుకుంటుంది? కాపలావాళ్ళకూ, పశువైద్యులకూ జీతాలు కావాలి. సింహాల పథకానికి పదేళ్ళకు 2,900 కోట్ల రూపాయలకు పైగా అంచనా వేశారు.

"అన్ని కోట్లుంటే మన 1,340 ఎందుకు?" అన్నాడు, ఇందాక అన్నయ్యను సింహం చేసిన కుర్రవాడు. ముప్ఫైమంది పిల్లల ముందు కూడా నేనంత తడబడలేదు.

డబ్బుతో తీరని చిక్కు కూడా ఒకటున్నది. ఏ రైతూ విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయడు. 2018లో గిర్‌లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు తగిలి, మరి కొన్ని కారణాలతో కలిపి, కొద్దివారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు పోయినాయి. ఆఫ్రికాలోని సెరెంగెటిలో 1994లో అదే జబ్బు సుమారు వెయ్యింటిని పొట్టన పెట్టుకున్నది. కొన్ని సింహాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు పంపాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అవి ఇంకా వెళ్ళలేదు. కూనోకు 2022లో చీతాలు వచ్చాయి. మరికొన్ని సింహాలు తమంతట తామే గిర్ దాటి బర్డా కొండలకు చేరాయి. ఈ విషయంలో మనుషులకన్న సింహాలే చురుకుగా ఉన్నట్టున్నాయి.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఒప్పుకోలేదు. ఇంటి మలుపులో కుండల దుకాణం దగ్గర మా మనుమరాలు ఆగి రెండు గల్లగురిగులు బేరం చేసింది. ఒకదాని మీద 'జూ', ఇంకొకదాని మీద 'బావి గోడ' అని సుద్దతో రాశారు. వాటి ఖరీదు నూట ఇరవై పోగా మిగిలినదాన్ని రెంటికీ సమంగా పంచారు.